వారం వారం రెండు ఇళ్ల మధ్య ప్రయాణం: నాలుగు నెలల కాకటీల్ పిల్లకు ఇది భారమవుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా సోమవారం నుంచి గురువారం వరకు ఒక ఇంట్లోనూ, మిగతా మూడు రోజులు మా అమ్మగారి ఇంట్లోనూ ఉంటాను. రెండింటి మధ్య కారులో సుమారు రెండున్నర గంటల దారి. నా దగ్గర నాలుగు నెలల కాకటీల్ (తల మీద తురాయి ఉండే చిన్న చిలుక జాతి పక్షి) పిల్ల ఉంది. దానిని ఒంటరిగా వదిలిపెట్టి వెళ్లడానికి మనసొప్పక, గడచిన మూడు వారాలుగా నా వెంటే తీసుకువెళుతున్నాను. అమ్మగారి ఇంట్లో దానికి వేరే పంజరం కొని పెట్టాను.

ప్రయాణపు పెట్టెను చూడగానే అది పంజరంలో వెనక్కి వెనక్కి జరిగిపోతుంది. తువ్వాలు వేసి పట్టుకోక తప్పడం లేదు. దారి పొడవునా తురాయి నిక్కబొడుచుకుని ఒక మూలకు ఒదిగి ఉంటుంది, గింజ ముట్టదు, రెట్ట నీళ్లలా పడుతుంది. చేరిన తర్వాత కూడా మర్నాటి ఉదయం వరకు సరిగా తినదు. గత శుక్రవారం అర్ధరాత్రి దాటాక హఠాత్తుగా పంజరమంతా రెక్కలు కొట్టుకుంది. నేను లేచి లైటు వేసేసరికి తోక ఈకలు రెండు ఊడి, అడుగున పరచిన కాగితం మీద రక్తపు చుక్కలు కనిపించాయి. ఆ చుక్కలు చూసినప్పటి నుంచి, నా సౌకర్యం కోసం దీనిని హింసిస్తున్నానేమో అన్న దిగులు వదలడం లేదు. ఇంత చిన్న వయసులో వారానికి రెండు ప్రయాణాలు తగునా? అలవాటు చేసే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

మీరు రాసినది చదివితే, పక్షిని బాధిస్తున్నది ప్రయాణం కన్నా ప్రయాణానికి ముందు జరిగే పట్టుకోవడమే అని నాకు అనిపిస్తోంది. తొమ్మిదేళ్లుగా నా కాకటీల్‌తో ఇలాగే రెండు చోట్ల కాపురం చేస్తున్నాను కనుక కొంత వివరంగా రాస్తాను.

కాకటీల్ ఆస్ట్రేలియా లోతట్టు పొడి నేలల పక్షి. నీరు, గింజలు ఎక్కడ దొరికితే అక్కడికి గుంపుగా తరలిపోవడం దాని స్వభావంలోనే ఉంది. అందువల్ల చోటు మారడం దానికి అంతగా కొత్త కాదు, గుంపు లేకుండా ఉండడమే కొత్త. మీరే దాని గుంపు. పైగా చిన్న వయసులో కొత్త చోట్లను నెమ్మదిగా, భయం లేకుండా పరిచయం చేసిన పక్షులు పెద్దయ్యాక మార్పులకు తొందరగా సర్దుకుంటాయి. కాబట్టి వయసు మీకు అనుకూలమే.

ముందుగా ఆ తువ్వాలును పక్కన పెట్టండి. ప్రయాణం ఉన్న రోజు మాత్రమే పెట్టె బయటికి వస్తే, అది దానికి ఆపద గుర్తుగానే మిగిలిపోతుంది. పెట్టెను తలుపు తీసి రోజూ పక్షి తిరిగే చోటనే ఉంచండి. కొర్ర కంకిని మొదట పెట్టె పక్కన, తరువాత గుమ్మం దగ్గర, ఆ తరువాత లోపల కట్టండి. మిగతా వేళల్లో ఆ కంకి ఎక్కడా దొరకకూడదు. మా పక్షి మొదటి నాలుగు రోజులు పెట్టె వైపు ఒంటికన్నుతో చూస్తూ చుట్టూ తిరిగింది. ఐదో రోజు మెడ మాత్రం లోపలికి చాచి నాలుగు గింజలు లాక్కుని పారిపోయింది. ఆరో రోజు సాయంత్రం లోపల కర్ర మీద కూర్చుని ఒక కాలు ముడుచుకుని ముక్కు పరపర నూరుకోవడం మొదలుపెట్టింది. నిద్రకు ముందు నిశ్చింతగా ఉన్న కాకటీల్ చేసే పని అది. అప్పుడు గాని నేను తలుపు మూయలేదు, మూసినా అర నిమిషంలో తెరిచాను. ఆ తరువాత పెట్టెను ఎత్తి గది దాటించడం, ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టడం, వీధి చివరి దాకా వెళ్లి రావడం, ఇలా ఒక్కొక్క మెట్టు. మీ పక్షికి మూడు వారాల భయం ఇప్పటికే పేరుకుంది కాబట్టి ఇంకొంత ఎక్కువ సమయం పట్టవచ్చు. వీలైతే ఈ రెండు వారాలు ప్రయాణం మానండి.

పెట్టె చిన్నదే మేలు. కర్రను అడుగుకు దగ్గరగా, కదలకుండా బిగించాలి. ఊయలలు, వేలాడే బొమ్మలు కుదుపులకు తగులుతాయి. అడుగున జారని గుడ్డ పరచి, మూడు వైపులా పలుచని గుడ్డ కప్పి, ముందు వైపు మీరు కనిపించేలా వదలండి. పెట్టెకు వెనక సీటులో బెల్టు తప్పనిసరి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో పక్షిని ఉంచవద్దు. నీటి గిన్నె ఒలికిపోతుంది కాబట్టి దారిలో కీరా ముక్క సరిపోతుంది, ఆగినప్పుడు నీళ్లు చూపండి.

ఇక రాత్రి సంగతి. కాకటీల్ జాతికి చీకటిలో ఉలిక్కిపడే గుణం ఎక్కువ. ఒక చిన్న చప్పుడు, గోడ మీద కదిలిన వెలుగు చాలు, దిక్కు తెలియక ఎగిరి కమ్మీలకు కొట్టుకుంటుంది. రెండో ఇంట్లో కర్రల అమరిక వేరుగా ఉంటే చీకటిలో దానికి ఏది ఎక్కడుందో తెలియదు. రెండు పంజరాల్లోనూ పడుకునే కర్రను ఒకే ఎత్తులో, ఒకే మూలలో పెట్టండి. ఆ ఒక్క కర్రను, కప్పే గుడ్డను మీతో పాటు తీసుకెళితే ఇంకా మంచిది. పక్కన మసక వెలుగు దీపం రాత్రంతా ఉండనివ్వండి. పది నుంచి పన్నెండు గంటల నిద్ర రెండు చోట్లా ఒకే వేళకు మొదలవ్వాలి. దాని నిద్రవేళకు రెండు మూడు గంటల ముందే చేరేలా బయలుదేరండి.

రెండవ జవాబు

నేను పక్షుల వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పై సలహాలతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఆరోగ్యానికి సంబంధించినవి మాత్రం చేరుస్తాను.

భయపడినప్పుడు రెట్ట పలచబడడం మామూలే, కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. మర్నాటికీ అలాగే ఉన్నా, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా వెంటనే చూపించాలి. పక్షులు జబ్బును దాచుకుంటాయి కనుక కంటికి కనిపించే దాని కన్నా కాటాను నమ్మండి. రోజూ ఉదయం మొదటి రెట్ట తర్వాత, తిండి పెట్టక ముందు గ్రాముల్లో తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గిందంటే ఆలస్యం చేయకూడదు.

దానిని పట్టుకోవలసి వస్తే ఛాతీ చుట్టూ ఎన్నడూ బిగించవద్దు. పక్షులకు మనలా విభాజక పటలం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండి ఊపిరికి తోడ్పడే కండర పొర) ఉండదు, ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. కారులో సువాసన సీసాలు, స్ప్రేలు తీసివేయండి. అమ్మగారి వంటింట్లో నాన్‌స్టిక్ పెనాలు ఉంటే అవి మాడినప్పుడు వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షి ప్రాణం తీయగలదని ఆవిడకు తప్పక చెప్పండి. ఎండలో నిలిపిన కారులో ఒక్క క్షణం కూడా వదలకండి. ముక్కు తెరిచి ఒగరుస్తూ, రెక్కలు ఒంటికి దూరంగా పట్టి ఉంచితే వేడికి తాళలేకపోతున్నదని అర్థం.

ఊడిన ఈకల చోట రక్తం ఆగిందా? కొత్తగా పెరుగుతున్న ఈకలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది, అది విరిగితే రక్తం కారుతుంది. శుభ్రమైన గుడ్డతో మృదువుగా అదిమినా ఆగకపోతే అది అత్యవసరం.

మూడవ జవాబు

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. ఏ పక్షి అయినా నెల రోజుల ఓర్పుతో కూడా పెట్టెకు అలవాటు పడకపోతే, దానిని ఒకే ఇంట్లో ఉంచి నమ్మకమైన మనిషిని చూసుకోమనడమే దయ. అయితే మీ అమ్మగారి ఇంట్లో ఉంచినా వారానికి నాలుగు రోజులు మీరు కనిపించరు కాబట్టి, ముందు ప్రయత్నం చేయడం న్యాయమే.

ఒక్క మాట మాత్రం వినండి. పెట్రోలు బంకులో నీళ్లు మారుద్దామని నేను కారు తలుపు తెరిచి ఉండగానే మా పక్షి పెట్టె తలుపు తీశాను. రెక్కలు కత్తిరించి ఉన్నాయి కదా అనుకున్నాను. గాలి కెరటం అందుకుని అది ఎదురుగా ఉన్న చెట్లలోకి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా పిలిచాను, మర్నాడు కూడా వెళ్లాను, దొరకలేదు. అద్దాలు, తలుపులు అన్నీ మూసి ఉన్నాయని చేత్తో తాకి చూసుకున్నాకే పెట్టె ముట్టుకోండి. తలుపుకు చిన్న కొక్కెం కూడా తగిలించండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. రక్తం ఆ రాత్రే ఆగింది, వైద్యులకు కూడా చూపించాను, ప్రమాదం లేదన్నారు. రెండు వారాలు ప్రయాణం మానుకుని పెట్టెను కిటికీ పక్కన తెరిచి ఉంచాను. తొమ్మిదో రోజున తనంతట తానే లోపలికి వెళ్లింది. ఈ శుక్రవారం తువ్వాలు లేకుండానే బయలుదేరాం. మొదటి అరగంట తురాయి నిక్కించే ఉంది, ఆ తర్వాత కంకి మీద వాలి తినడం మొదలుపెట్టింది. పడుకునే కర్రను వెంట తీసుకెళ్లి అదే ఎత్తులో బిగించాను, దీపం వెలిగించి ఉంచాను. రాత్రి ఒకసారి కదిలింది గాని ఎగరలేదు. అమ్మగారు పాత పెనాలు తీసివేశారు. బరువు శుక్రవారం ఉదయం 91 గ్రాములు, శనివారం 88, ఆదివారం మళ్లీ 91.