బీఎమ్ఎస్ పెట్టకముందు చూస్తే ఒక సెల్ మైనస్ చూపిస్తోంది, హెల్ప్!

మధురవాడ కుర్రాడు:
సాయంత్రం 5 నుంచి దీని ముందే కూర్చున్నాను, ఇంకా అన్నం కూడా తినలేదు. ఇంట్లో ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ ప్యాక్ కట్టాను. బీఎమ్ఎస్‌కి (సెల్స్‌ని కాపాడే బోర్డుకి) సెల్స్ నుంచి వచ్చే సన్న వైర్ల ప్లగ్ గుచ్చేముందు మీటర్ పెడితే ఒక సెల్ మైనస్, దానికి అటూ ఇటూ ఉన్నవి డబుల్! అమ్మినవాడు పాడైన సెల్ అంటగట్టాడా? సెల్స్‌ని కలిపే పట్టీలు, ఆ బస్‌బార్లన్నీ మళ్లీ విప్పాలంటే ఏడుపొస్తోంది.

గాజువాక వైండింగ్:
ఎన్ని సెల్స్? ఏ రకం? మొత్తం వోల్టేజీ ఎంత?

పెదవాల్తేరు రిటైర్డ్:
ఈ లిథియం గొడవ మీకెందుకు బాబూ? 2014లో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే మా ట్యూబులర్ బ్యాటరీయే ఆదుకుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు, బీఎమ్ఎస్సూ లేదు, టెన్షనూ లేదు. పైగా మన ఊరి ఉప్పుగాలికి టెర్మినళ్లు తుప్పు పడతాయి, వాసెలిన్ రాశారా? ఎవరూ రాయరు.

మధురవాడ కుర్రాడు:
సార్, నా సంగతి వేరు. 16 సెల్స్, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), అది చెప్పలేదా? మొత్తం 52.8 వోల్టులు. ప్లగ్‌లో పక్కపక్క పిన్నుల మధ్య చూస్తే 6వ సెల్ 6.6, 7వది మైనస్ 3.3, 8వది 6.6. మిగతావన్నీ 3.3.

గాజువాక వైండింగ్:
సెల్ బాగుంది. ప్లగ్‌లో 6, 7 వైర్లు తారుమారు.

కంచరపాలెం ఈ-బైక్:
అవును. సెల్లే తిరగబడి ఉంటే పక్కవి మామూలుగా 3.3 చూపించేవి, మొత్తం 46.2కి పడిపోయేది. మీకు 52.8 వస్తోంది కదా, బస్‌బార్ల జోలికి వెళ్లకండి. ప్లగ్‌లో ప్యాక్ మైనస్ నుంచి వచ్చే నల్ల వైరు దగ్గర మీటర్ బ్లాక్ ప్రోబ్ ఉంచి ఒక్కో పిన్నూ చూడండి: 3.3, 6.6, 9.9 అని పెరుగుతూ పోవాలి. ఎక్కడ వెనక్కి తగ్గితే అక్కడే తప్పు. పిన్ను బయటికి తీస్తే వెంటనే టేప్ చుట్టండి, రెండు కొసలు తగిలితే మెరుపే. ప్లగ్‌లోని ఆ బ్యాలెన్స్ వైర్లు సన్నవి, క్షణంలో కాలిపోతాయి.

సీతమ్మధార సోలార్:
బ్యాలెన్స్ వైర్లు కాదండీ, సెన్స్ వైర్లు. వోల్టేజీ చూడడమే వాటి పని.

కంచరపాలెం ఈ-బైక్:
బ్యాలెన్సింగ్ కరెంటు పోయేదీ వాటిలోనే కదా. మా షాపులో అందరూ అలాగే అంటారు.

సీతమ్మధార సోలార్:
షాపులో అంటే కరెక్టయిపోతుందా? సరే, 6, 7 అంటున్నారు, నల్లదాన్ని సున్నా అనుకునా, ఒకటి అనుకునా? 16 సెల్స్‌కి 17 వైర్లు.

గాజువాక వైండింగ్:
సున్నా.

మధురవాడ కుర్రాడు:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! నల్లదాన్ని ఒకటి అనుకుని లెక్కపెట్టి వేరే జత మార్చేశాను, రీడింగులు ఇంకా గజిబిజి అయ్యాయి. ప్లగ్ పెట్టలేదు కాబట్టి బీఎమ్ఎస్ బతికింది. మళ్లీ మార్చాను, ఇప్పుడు అన్నీ 3.3. థాంక్స్ అండీ, తినడానికి వెళ్తున్నా.

గాజువాక వైండింగ్:
ముందు ప్యాక్ మైనస్ నుంచి బీఎమ్ఎస్‌కి వెళ్లే లావు వైరు, బీ మైనస్ కలపండి, తర్వాతే ప్లగ్.

పెదవాల్తేరు రిటైర్డ్:
వాసెలిన్ సంగతి ఏమైంది?