పేజీలో వీడియో తీసేశారు. కంపెనీ పలకదు, మున్సిపాలిటీ పలకదు. చట్టప్రకారం ఎవరిని అడగాలి?

నీటిగోడు:
మా పట్టణంలో తాగునీళ్లలో మురుగు కలుస్తోందని చూపించే వీడియోని ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ తీసేసింది. "మా నిబంధనలకు విరుద్ధం" అన్నారు గానీ ఏ నిబంధనో చెప్పలేదు. అప్పీలు నొక్కితే నిమిషాల్లో "పరిశీలించాం, మార్పు లేదు" అని వచ్చింది. ఇటు మున్సిపాలిటీకి ఇచ్చిన అర్జీ "పరిష్కరించబడినది" అని మూసేశారు, పైపు మాత్రం అలాగే కారుతోంది. కోట్లమంది వాడే కంపెనీలో, మనం ఓట్లేసిన ప్రభుత్వంలో జవాబు చెప్పే మనిషే లేడా? పైనుంచి చెబితే తీశారా, కంపెనీయే తీసిందా తెలుసుకునే దారి ఉందా? కోర్టుకు వెళ్లే స్తోమత లేదు.

పాతఫైలు:
ముందు ఎవరు తీశారో తేల్చుకోండి, ఎందుకంటే రెండింటికీ దారులు వేరు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకు ఆ లింకు పంపి తెరవమనండి. అక్కడ కనిపించి ఇక్కడ కనిపించకపోతే అది దేశం వరకే వేసిన అడ్డు, దాదాపుగా చట్టపరమైన ఆదేశమే. ఎక్కడా కనిపించకపోతే కంపెనీ సొంత నిబంధన కింద తీసినట్టు. అంతమాత్రాన ప్రభుత్వ హస్తం లేదనుకోవద్దు. ప్రభుత్వ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక దాన్ని సొంత నిబంధన ఖాతాలో వేసి తీసేయడమూ కుదురుతుంది.

కాపీరైట్ అని వస్తే అది ఇంకో దారి. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి) ప్రకారం ఫిర్యాదు చేసినవాళ్లు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే కంపెనీ దాన్ని తిరిగి పెట్టొచ్చు.

గడువుతేదీ:
కంపెనీయే తీసిందనుకుని చెబుతున్నా. యాప్‌లో నొక్కిన అప్పీలు వేరు, చట్టం చెప్పే ఫిర్యాదు వేరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 2021 ఐటీ నియమాల్లో 3(2) ప్రకారం, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, సంప్రదించే వివరాలు కంపెనీ తన సైట్‌లో బాగా కనిపించేలా పెట్టాలి. కానీ అవి ఎక్కడో అడుగున, లీగల్ పేజీలో ఉంటాయి. అక్కడికి పంపితేనే గడువు మొదలవుతుంది. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి. 2021లో రాసినప్పుడు తేల్చడానికి 15 రోజులు ఇచ్చారు. ఆ తర్వాత నియమాలకు సవరణలు వచ్చాయి కాబట్టి పంపే ముందు ఐటీ మంత్రిత్వ శాఖ సైట్‌లో తాజా ప్రతి చూసుకోండి.

దేశంలో 50 లక్షలకు మించి వాడకందారులున్న కంపెనీలకు ఇంకో రెండు బాధ్యతలున్నాయి. 4(6) కింద ప్రతి ఫిర్యాదుకూ టికెట్ నంబరు, చర్య తీసుకున్నా తీసుకోకపోయినా కారణం ఇవ్వాలి. 4(8) కింద తనంతట తాను తీసేస్తే ముందుగానే కారణాలతో నోటీసు, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. మీకు ఆ కారణాలే చెప్పలేదు కాబట్టి ఫిర్యాదుకు అదే ఆయువుపట్టు.

ఒక ఫిర్యాదులో ఒకటే లింకు పెట్టండి. "మీ మెయిల్‌లో ఏ నిబంధనో లేదు, 4(8) ప్రకారం అది చెప్పి, వీడియో తిరిగి పెట్టండి" అంటే చాలు. ఆవేశం ఎంతున్నా అందులోకి రానీయొద్దు, సంబంధం లేని స్క్రీన్‌షాట్లు గుప్పించొద్దు. తెలుగులో మాట్లాడిన వీడియో అయితే ఏ నిమిషంలో ఏమన్నారో ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు జత చేయండి. చదివేది తెలుగు వచ్చినవాళ్లేనన్న భరోసా లేదు.

నీటిగోడు:
ఇది తెలియనే లేదండీ. దానికీ పలకకపోతే?

గడువుతేదీ:
ఆ ఆఫీసర్ నిర్ణయం మీద అప్పీలు వినే గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ (జీఏసీ) ఉంది. 2022 అక్టోబర్ సవరణతో వచ్చింది. 2023లో మూడు కమిటీలు వేశారు. అంతా ఆన్‌లైనే, జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్‌లో. ఆఫీసర్ జవాబు అందిన 30 రోజుల్లోపు వేయాలి. కంపెనీ అసలు జవాబివ్వకపోతే చిక్కు ఏంటంటే, నియమంలో ఉన్నది ఆఫీసర్ "నిర్ణయం" మీద అప్పీలు అనే. అందుకని టికెట్ నంబరు, అందినట్టు వచ్చిన మెయిలు, గడువు దాటిన తేదీ మూడూ పెట్టి, మౌనాన్నే తిరస్కరణగా తీసుకోమని రాయండి.

పాతఫైలు:
గడువుతేదీ గారు చెప్పింది కంపెనీ మీద ఫిర్యాదుకు సరిపోతుంది. కానీ ఆ కమిటీ సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. ఆదేశం ప్రభుత్వం నుంచే వచ్చి ఉంటే, ప్రభుత్వం మీద గోడు ప్రభుత్వానికే చెప్పుకోవాలి. అది నాకు మింగుడు పడదు. ఐటీ చట్టం సెక్షన్ 69ఎ కింద కేంద్రం ఇచ్చే నిరోధ ఆదేశాలైతే, రహస్యంగా ఉంచాలనే 2009 నియమాల్లోని 16వ నియమం చూపించి బయటపెట్టరు. అదే చట్టం 79(3)(బి) కింద, తొలగింపు సూచనలను కంపెనీలకు పంపే ప్రభుత్వ సహయోగ్ పోర్టల్ ద్వారా వెళ్లేవి ఇంకో రకం. ఆ పోర్టల్‌ను సవాలు చేస్తూ ఎక్స్ (పాత ట్విటర్) సంస్థ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబర్ 24న కొట్టేసింది. అయితే 2025 నవంబర్ 15 నుంచి అలాంటి సూచన ఇవ్వాలంటే జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారి, పోలీసుల్లో అయితే డీఐజీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, కారణం రాయాలి. అంటే మున్సిపల్ కమిషనర్ సొంతంగా ఇచ్చేది కాదు. పైకి రాసి ఉంటే ఆ ఉత్తరం ఫైల్లో ఉంటుంది.

అర్జీదారు:
ఆ ఉత్తరం కోసమే సమాచార హక్కు దరఖాస్తు. "ఎందుకు తీయించారు" అని అడిగితే తిప్పి పంపుతారు, సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం అంటే రికార్డులో ఉన్నదే కాబట్టి. ఇలా రాయండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ కార్యాలయం నుంచి సోషల్ మీడియా పోస్టుల తొలగింపు కోరుతూ పోలీసు శాఖకు గానీ ఇతర శాఖలకు గానీ పంపిన లేఖల నకళ్లు, డిస్పాచ్ రిజిస్టర్‌లో సంబంధిత పేజీలు." లేఖ దాచినా, బయటికి వెళ్లే ఉత్తరానికి వేసే డిస్పాచ్ నంబరు పట్టిస్తుంది. అదే దరఖాస్తులో రెండో అంశంగా మీ అర్జీ నంబరు వేసి, "పరిష్కరించబడినది" అని మూసేముందు తనిఖీకి వెళ్లిన ఉద్యోగి హోదా, తనిఖీ తేదీ, నివేదిక, ఫొటోల నకళ్లు అడగండి. వెళ్లకుండానే మూసేసి ఉంటే ఇక్కడ బయటపడుతుంది.

ఏపీ, తెలంగాణల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, మిగతా వాటికి 10. మున్సిపాలిటీకి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజులు దాటితే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దర్యాప్తులో ఉందని 8(1)(హెచ్) చూపిస్తే, సమాచారమిస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో రాతపూర్వకంగా చెప్పమనండి, మిగిలిన భాగాన్ని సెక్షన్ 10 కింద విడదీసి ఇమ్మనండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

ఈలోపు కొత్త పేజీ తెరిచి అదే వీడియో పెట్టకండి. నిషేధం తప్పించుకుంటున్నారని రెండోదీ పోతుంది. పాత ఖాతాలోంచి మొత్తం డేటా ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి, ఖాతా మూసేస్తే మళ్లీ దొరకదు. ఫోన్లో తీసిన ఒరిజినల్ ఫైలును వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపి ఇంకోచోట దాచండి.