ఉత్పత్తి విభాగానికీ ప్రయోగశాలకూ మధ్య తగవు: ఎలా పరిష్కరించాలి?

ప్రశ్న:
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. తోతాపురి సీజను మొదలైనప్పటి నుంచి ఉత్పత్తి సూపర్‌వైజరుకూ ప్రయోగశాల బాధ్యురాలికీ మాటల్లేవు. బ్రిక్స్ (గుజ్జులో చక్కెర పాలును తెలిపే కొలత) తక్కువగా ఉందని ఆమె గుజ్జును ఆపితే, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా లైను ఎలా ఆపుతారని ఆయన వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ నిలదీస్తున్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టమంటారా?

సమాధానం 1:
ఇప్పుడే వద్దండి. ముందు విడివిడిగా వినండి. తప్పెవరిదని కాకుండా, పని ఏ దశలో, ఎందుకు ఆగిందని అడగండి. ఒకరి పనిని టన్నులతోనూ మరొకరి పనిని నాణ్యతతోనూ కొలుస్తున్నప్పుడు ఇది స్వభావాల గొడవ కాదు, యాజమాన్యం తెలియక పెట్టిన గొడవ. మాగబెట్టిన కాయలను లైనుకు పంపకముందే నమూనా తీసి బ్రిక్స్ చూసి, ఆ అంకెను ఇద్దరూ సంతకం చేసే షిఫ్టు రిజిస్టరులో రాయిస్తే, గుజ్జు తీశాక ఆపవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

సమాధానం 2:
ఏకీభవిస్తాను. అయితే గ్రూపులో నిలదీయడాన్ని ఈరోజే ఆపించండి. నలుగురిలో పోయిన మర్యాదను నాలుగు గోడల మధ్య చెప్పే క్షమాపణ పూడ్చలేదు.

సమాధానం 3:
రేపు కార్మికుల నుంచే ఫిర్యాదు వస్తే దారి వేరు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యానికీ కార్మికులకూ సమాన ప్రాతినిధ్యం ఉంటుంది, 30 రోజుల్లో విచారణ ముగించాలి. సూపర్‌వైజర్లు జీతాన్ని బట్టి ఆ పరిధిలోకి రాకపోవచ్చు కనుక ముందుగా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. రిజిస్టరు సంగతి రేపటి షిఫ్టు నుంచే మొదలుపెడతాను.