కన్‌స్ట్రక్టర్‌లో పని చేయించాలా, ఫీల్డ్స్ నింపి వదిలెయ్యాలా?

ఇనిట్_గోల:
నిన్న కోడ్ రివ్యూలో చిన్న గొడవ. నాదో రిపోర్ట్ క్లాస్ ఉంది, కన్‌స్ట్రక్టర్‌లోనే (అదే, న్యూ అనగానే ఆబ్జెక్ట్‌ని తయారుచెయ్యడానికి నడిచే కోడ్) కాన్ఫిగ్ ఫైల్ చదివి డేటాబేస్ కనెక్షన్ కూడా తెరిచేస్తున్నా, న్యూ అనగానే ఆబ్జెక్ట్ రెడీ. మా సీనియరేమో కన్‌స్ట్రక్టర్ అంటే ఇచ్చిన విలువలు ఫీల్డ్స్‌లో, అంటే ఆబ్జెక్ట్ లోపలి వేరియబుల్స్‌లో, పెట్టుకోడమే, మిగతాదంతా స్టార్ట్ అని ఒక మెథడ్ పెట్టి అందులోకి తీసెయ్ అంటాడు. తీసేస్తే దాన్ని పిలవడం ఎవడో ఒకడు మర్చిపోడా? జావా కోడ్. మీరేమంటారు?

పాతకోడు:
సీనియర్ చెప్పింది కరెక్టే. ఆ క్లాస్‌కి ఒక్క యూనిట్ టెస్ట్ (ఒక చిన్న ముక్కని విడిగా పరీక్షించే కోడ్) రాసి చూడు తమ్ముడూ, రెండు నంబర్లు కూడే ఫంక్షన్ టెస్ట్ చెయ్యాలన్నా ముందు డేటాబేస్ లేపాలి.

నల్_బాధితుడు:
టెస్ట్ సంగతి ఒప్పుకుంటా గానీ స్టార్ట్ మెథడ్ అంతకన్నా దరిద్రం అన్నా. నేను పడ్డా ఆ బాధ. మా దాంట్లో స్టార్ట్ లాంటిదే ఇనిట్ అని ఒక మెథడ్, దాన్ని పిలవకుండానే ఆబ్జెక్ట్‌ని ఎవరో ఇంకో క్లాస్‌కి ఇచ్చేశారు, అది ఇంకోదానికి ఇచ్చింది, చివరికి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఖాళీగా ఉన్నదాన్ని వాడబోతే వచ్చే ఎర్రర్) వచ్చిన చోటుకీ అసలు తప్పు జరిగిన చోటుకీ సంబంధమే లేదు, రెండు రోజులు పోయాయి వెతకడానికే. పైగా ఫీల్డ్‌ని ఫైనల్ (ఒకసారి పెట్టాక మారనిది) అని పెట్టలేం, కన్‌స్ట్రక్టర్ అయ్యాక దానికి విలువ ఇవ్వనివ్వదు కదా. ఇంకోటి, జావా వాళ్ల సొంత ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ కన్‌స్ట్రక్టర్‌లోనే ఫైల్ తెరుస్తుంది, ఫైల్ లేకపోతే అక్కడే ఎక్సెప్షన్. దాన్నెవరూ తప్పు అనరే?

పాతకోడు:
అదే జావాలో థ్రెడ్ క్లాస్ ఉంది, న్యూ అంటే పరిగెత్తదు, స్టార్ట్ అనాలి. నెట్‌వర్క్ కనెక్షన్‌కి వాడే సాకెట్ అయితే ఇంకా తమాషా, రెండు దార్లూ ఉన్నాయి. హోస్ట్, పోర్ట్ ఇస్తే కన్‌స్ట్రక్టరే కనెక్ట్ అయిపోతుంది, కానీ కనెక్ట్ అవ్వడానికి టైమౌట్ కావాలంటే ఖాళీ సాకెట్ చేసుకుని తర్వాత కనెక్ట్ పిలవాల్సిందే. పనంతా కన్‌స్ట్రక్టర్‌లో దూరిస్తే ఆ పని మీద పట్టు పోతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

రెండు_ప్లస్‌లు:
మీ గోలంతా జావా గోల. సీ ప్లస్ ప్లస్‌లో లాక్ గార్డ్ కన్‌స్ట్రక్టర్‌లోనే లాక్ తీసుకుంటుంది, డిస్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే కోడ్) వదిలేస్తుంది, మా పద్ధతే అది. కన్‌స్ట్రక్టర్ మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ ఆబ్జెక్ట్ డిస్ట్రక్టర్ నడవదు కానీ అప్పటికే పూర్తిగా తయారైన మెంబర్లన్నిటి (మీ ఫీల్డ్స్‌ని మేం అనే పేరు) డిస్ట్రక్టర్లూ నడుస్తాయి, కాబట్టి ఒక్కో రిసోర్స్‌కీ ఒక్కో చిన్న క్లాస్ ఉంటే లీక్ లేదు, అంటే ఏదీ మూయకుండా మిగిలిపోదు. జావాలో కన్‌స్ట్రక్టర్ ఫైల్ తెరిచి, తర్వాత కనెక్షన్ దగ్గర పడిపోతే ఆ ఫైల్ ఎవరు మూస్తారు? బయటివాడి చేతికి ఆబ్జెక్టే రాలేదు, పనయ్యాక వాటంతటవే మూసే ట్రై విత్ రిసోర్సెస్ కూడా ఏం చెయ్యలేదు. నువ్వే లోపల క్యాచ్ రాసుకోవాలి.

(మెంబర్లు తయారయ్యేది క్లాస్‌లో డిక్లేర్ చేసిన వరసలో, కన్‌స్ట్రక్టర్ పక్కన మెంబర్లకి విలువలిచ్చే ఇనిషియలైజర్ లిస్ట్‌లో నువ్వు రాసిన వరసలో కాదు. దీని మీద ఒకసారి నా శనివారం మొత్తం పోయింది.)

నల్_బాధితుడు:
లీక్ పాయింట్ బాగుంది, నాకు తట్టలేదు.

పాతకోడు:
ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పలేదు. పని పెరిగేకొద్దీ కన్‌స్ట్రక్టర్ లోంచి సొంత మెథడ్స్ పిలవడం మొదలవుతుంది. రేపు ఎవరో సబ్‌క్లాస్ చేసి ఆ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేస్తారు, అంటే అదే పేరుతో తమ వెర్షన్ రాస్తారు. జావాలో పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడుస్తుండగానే పిల్ల క్లాస్ మెథడ్ నడుస్తుంది, అప్పటికి పిల్ల ఫీల్డ్స్ ఇంకా నల్, సున్నాలే. ఒకవేళ ఆ మెథడ్ ఒక ఫీల్డ్‌లో విలువ పెట్టినా, ఆ ఫీల్డ్ దగ్గర ఈక్వల్స్ నల్ అని రాసుంటే తర్వాత అది వచ్చి తుడిచేస్తుంది. కళ్ల ముందు పెట్టిన విలువ మాయం! సీ ప్లస్ ప్లస్‌లో అయితే పేరెంట్ వెర్షనే నడుస్తుంది, అదో రకం ఆశ్చర్యం.

కొత్త_పాము:
నేను పైథాన్, మాకు ఇనిట్‌ని (మా కన్‌స్ట్రక్టర్ లాంటిది) ఎసింక్, అంటే మధ్యలో ఆగి వేరే పనికి చోటిచ్చేలా, చెయ్యడం కుదరదు, అందుకని క్లాస్ మెథడ్ ఒకటి పెట్టి అందులో కనెక్షన్ కోసం అవెయిట్ చేసి, వచ్చిన కనెక్షన్‌ని ఇనిట్‌కి ఇచ్చేస్తాం. జావాలో అలా కుదరదా?

నల్_బాధితుడు:
ఎందుకు కుదరదు, స్టాటిక్ ఫ్యాక్టరీ మెథడ్. కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చెయ్, ఫైల్ చదవడం కనెక్షన్ తెరవడం అన్నీ ఆ మెథడ్‌లో, అన్నీ చేతికొచ్చాకే న్యూ. ఫీల్డ్స్ ఫైనలే, సగం తయారైన ఆబ్జెక్ట్ ఎవరికీ దొరకదు. రస్ట్‌లో అయితే అసలు కన్‌స్ట్రక్టరే లేదు, న్యూ అన్నది అలవాటుగా పెట్టుకునే మామూలు ఫంక్షన్ పేరు, ఫెయిలయ్యే పనైతే రిజల్ట్ (విలువో, ఎర్రరో ఏదో ఒకటి ఉండేది) తిరిగిస్తారు.

రెండు_ప్లస్‌లు:
ప్రైవేట్ అంటే టెస్ట్‌లో నకిలీ కనెక్షన్ ఎలా ఇస్తాడు? ప్యాకేజ్ లోపలికి కనపడేలా ఉంచితే చాలు.

ఇనిట్_గోల:
సరే, ఫ్యాక్టరీకి మార్చా, సీనియర్ కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు కొత్త గొడవ, పోర్ట్ నెగటివ్ వస్తే చెక్ ఫ్యాక్టరీలోనా కన్‌స్ట్రక్టర్‌లోనా?

పాతకోడు:
చెక్ మాత్రం కన్‌స్ట్రక్టర్‌లోనే. ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ లాగే తప్పుంటే అక్కడే ఎక్సెప్షన్ రావాలి, ఇక్కడ నల్_బాధితుడితో నాకు గొడవ లేదు.