1957 షెవ్రొలే బెల్ ఎయిర్ బాడీ నంబరు: ఏ ఆధారాన్ని నమ్మాలి?

నేను పునరుద్ధరిస్తున్న 1957 బెల్ ఎయిర్‌లో, ఇంజిన్ వెనుక గోడకు బిగించిన ఫిషర్ (బాడీలు తయారుచేసిన సంస్థ) ప్లేటు మీద బాడీ రకాన్ని తెలిపే 57-1037డి అనే స్టైలు నంబరు, ఫ్లింట్ కర్మాగారాన్ని సూచించే ఎఫ్ అక్షరంతో ఒక బాడీ నంబరు ఉన్నాయి. షెవ్రొలే పుస్తకాలు ఇదే రెండు తలుపుల స్పోర్ట్ కూపేను 2454 అంటాయి. ఒకటి బాడీ తయారుచేసినవారి లెక్క, మరొకటి కారు అమ్మినవారి లెక్క కాబట్టి ఆ తేడాతో నాకు పేచీ లేదు. చిక్కంతా బాడీ నంబరుతోనే.

డ్రైవరు వైపు తలుపు స్తంభం మీద వీసీ57ఎఫ్ తో మొదలయ్యే సీరియల్ నంబరు చివరి అంకెలకు బాడీ నంబరు దగ్గరగా ఉండాలని ఒక మార్గదర్శి చెబుతుంటే, ఫిషర్ వారు తమ బాడీలకు విడిగా వరుస సంఖ్యలు వేసుకున్నారని మరొకటి చెబుతోంది. నా కారులో బాడీ నంబరుకూ సీరియల్ నంబరు చివరి అంకెలకూ పొంతన లేదు. అయితే ప్లేటు అంచుల మీది పాత రంగు ఎక్కడా చిట్లలేదు, అందువల్ల ప్లేటు మార్చారని నేను అనుకోవడం లేదు. రెండో మాటే నాకు సబబుగా తోస్తోంది.

ఫ్లింట్‌లో తయారైన 1957 కార్లు ఉన్నవారు తమ రెండు నంబర్ల మధ్య తేడా ఎంతో దయచేసి తెలియజేయగలరా? ఈ రెండు నంబర్లూ ఒకేచోట నమోదైన నాటి కర్మాగార పత్రాన్ని ఎవరైనా చూసి ఉంటే, ఆ వివరం నాకు అన్నిటికంటే విలువైనది.