అప్‌డేట్: అమ్మమ్మ జబ్బు గురించి పిల్లలకి చెప్పేశాం

మా అమ్మకి అల్జీమర్స్ (మెల్లగా జ్ఞాపకశక్తి పోయే జబ్బు) అని తేలింది, పిల్లలకి చెప్పాలా దాచాలా అని అడిగాను కదా, చాలామంది చెప్పమనే అన్నారు, చెప్పేశాం. మంచిదే అయింది, ఎందుకంటే మా చిన్నది అప్పటికే తను అల్లరి చేస్తుంది కాబట్టే అమ్మమ్మ తన పేరు మర్చిపోయిందని అనుకుంటోందట! నాకు ఏడుపొచ్చింది. ఇది నీ వల్ల కాదు, జలుబులా అంటుకునేదీ కాదు అని ముందు అదే చెప్పాను.

పెద్దాడికి కారణం కావాలి. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం కొత్త విషయాలు గుర్తుంచుకోవడానికి సాయం చేస్తుంది, ఈ జబ్బులో మామూలుగా ముందు దెబ్బతినేవాటిలో అదొకటి, అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు కానీ చిన్నప్పటి ఊరి చెరువు గుర్తుంటుంది అన్నాను. "మరి తగ్గుతుందా?" అన్నాడు. తగ్గదనే చెప్పాను, మందులు కొందరికి లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి, అంతే.

"నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టొద్దన్నాను (ఇది బంధువులకి కూడా చెప్పాల్సొస్తోంది, వాళ్లు వినరు). ఇప్పుడు చిన్నది వెళ్తూనే "అమ్మమ్మా, నేను నీ మనవరాలిని" అంటుంది. అన్నిటికన్నా వామనగుంటలు బాగా కుదిరింది, చింతపిక్కలు పంచడం అమ్మ చేతులు మర్చిపోలేదు, పైగా దొంగాట కూడా ఆడుతోంది.

సాయంత్రాలు మాత్రం కష్టమే. "మా ఇంటికి పోతా" అని అమ్మ గొడవ చేస్తుంది, పిల్లలు టెన్షన్ పడకుండా వాళ్లని కాసేపు మేడ మీదకి పంపేస్తున్నాం. హెల్ప్‌లైన్ అడిగినవాళ్లకి: వృద్ధుల కోసం ప్రభుత్వ నంబర్ 14567.