వోల్గా జాతులను రష్యా సామ్రాజ్యం మతం మార్చిన తీరు: చువాష్‌లు మారారు, తాతార్లు ఎందుకు మారలేదు?

ప్రశ్న:
1552లో రష్యా చక్రవర్తి ఇవాన్, వోల్గా నది ఒడ్డున ఉన్న తాతార్ల రాజధాని కజాన్‌ను గెలిచాక తాతార్లు, చువాష్‌లు, మారీలు, ఉద్ముర్తులు రష్యా ఏలుబడిలోకి వచ్చారు. 18వ శతాబ్దంలో చువాష్‌లు, మారీలు దాదాపు అంతా క్రైస్తవులుగా నమోదయ్యారు. తాతార్లలో ఎక్కువమంది ముస్లింలుగానే మిగిలారు. ఏలినవాళ్లు ఒకరే కదా, ఇంత తేడా ఎందుకండీ?

జవాబు 1:
ముందు పన్ను లెక్క చూడండి. 1740లో కజాన్ దగ్గరి స్వియాజ్స్క్‌లో కొత్త క్రైస్తవుల వ్యవహారాల కార్యాలయం పెట్టారు. బాప్తిస్మం తీసుకుంటే మూడేళ్లు తలపన్ను లేదు, సైన్యానికి మనిషిని పంపక్కర్లేదు. పైగా ఒక సిలువ, బట్టలు, కొంత డబ్బు. అసలు మెలిక వేరే ఉంది. మాఫీ చేసిన పన్నును ఖజానా వదులుకోలేదు, ఇంకా మారనివాళ్ల మీద వేసింది. పక్కింటివాళ్లు మారినకొద్దీ మిగిలినవాళ్ల భారం పెరుగుతూ పోయేది. దీన్ని ఇష్టపూర్వక మార్పు అనడం అన్యాయం.

జవాబు 2:
పై జవాబు సరైనదే, కానీ అదే భారం తాతార్ల మీదా పడింది. వాళ్లు నిలబడడానికి కారణం ఊరూరా ముల్లా, మసీదు, చదువుకునే పుస్తకం ఉండడం. చువాష్, మారీల ఆరాధన తోపుల్లో జరిగేది. దాన్ని కాచే మతగ్రంథం గానీ, బయటి పండితుల అండ గానీ లేవు. తాతార్ల ఆ బలం మీదే దెబ్బ కొట్టారు: 1740ల్లో కజాన్ జిల్లాలో 536 మసీదుల్లో 418 కూల్చేశారు. ఫలితం ఎదురు తిరిగింది. 1755లో బాతిర్షా అనే ముల్లా పిలుపుతో, ఉరల్ ప్రాంతపు ముస్లిం జాతి బష్కీర్ల నేలమీద తిరుగుబాటు లేచింది. 1764లో ఆ కార్యాలయం మూతపడింది, 1773లో రష్యా రాణి కేథరిన్ మత సహనం ప్రకటించింది.

ప్రశ్న అడిగినవారు:
మరి నమోదైనవాళ్లు నిజంగా నమ్మారా?

జవాబు 3:
చాలామంది నమ్మలేదు. పూజారికి వాళ్ల భాష రాదు, ప్రార్థన చర్చి పాత భాష స్లావిక్‌లో. మారీలు తోపుల్లో మొక్కులు మానలేదు. వెనక్కి వెళ్దామంటే చట్టం ఒప్పుకోదు; అయినా 1866లో బాప్తిస్మం పొందిన తాతార్లు ఊళ్లకు ఊళ్లే ఇస్లాంలోకి వెళ్తామని అర్జీలు పెట్టారు. ఇల్మిన్‌స్కీ అనే రష్యన్ పండితుడు, మత ప్రచారకుడు పట్టుకున్నది ఈ భాషా లోపాన్నే. 1860ల్లో కజాన్‌లో బడి పెట్టి మాట్లాడే తాతార్ భాషనే రష్యన్ వాడే సిరిలిక్ లిపిలో నేర్పించాడు. పంతుళ్లు, పూజారులు ఆయా జాతులవాళ్లే. అదే దారిలో చువాష్ పంతులు యాకోవ్లెవ్ చువాష్ లిపి తయారుచేశాడు. మాఫీ, బెదిరింపు చెయ్యలేనిది సొంత భాష చేసింది. అది కూడా అందరినీ నిలపలేదు: 1905 ఏప్రిల్ 17 శాసనం చర్చిని వదిలి వెళ్లడానికి ఒప్పుకోగానే వేలాది తాతార్లు రికార్డుల్లోనూ ముస్లింలయ్యారు.